పక్కన నిలబడే మనిషిని చట్టం గుర్తించాలి

2021 ఆగస్టు 25న వెలువడిన డ్రోన్ నిబంధనలు నాకు దాదాపు కంఠతా వచ్చు. మెచ్చుకుంటూనే చదివాను వాటిని. అంతకు అయిదు నెలల ముందు, మార్చిలో వచ్చిన నిబంధనలు అరచేతిలో ఇమిడే డ్రోన్‌ను కూడా అనుమానించాయి. బరువు 250 గ్రాముల లోపే ఉన్నా, సెకనుకు 15 మీటర్ల వేగం దాటగలిగితే దాన్ని పై తరగతిలో చేర్చాయి. ఆగస్టులో ఆ షరతు పోయింది. నింపాల్సిన దరఖాస్తులు 25 నుంచి 5కు, ఫీజుల రకాలు 72 నుంచి 4కు తగ్గాయి. జమ్ము వైమానిక స్థావరం మీద డ్రోన్లతో పేలుడు పదార్థాలు జారవిడిచింది ఆ ఏడాది జూన్ 27న. ఆ దాడి జరిగి నెల తిరగకుండానే ప్రభుత్వం నిబంధనలను బిగించకపోగా, సడలించే ముసాయిదాను బయటపెట్టింది. ఆ ధైర్యానికి నాకు ఇప్పటికీ గౌరవమే.

అయినా ఒక్క నిర్వచనం దగ్గర నా చదువు ప్రతిసారీ ఆగిపోతుంది. సరదాకు ఎగరేసే డ్రోన్లకు చట్టం పెట్టిన పేరు 'మోడల్' డ్రోన్. మొత్తం బరువు 25 కిలోలు మించకూడదు. చదువుకో, పరిశోధనకో, డిజైన్‌కో, పరీక్షకో, వినోదానికో తప్ప వాడకూడదు. ఇంతవరకు పేచీ లేదు. ఆ తర్వాత ఒక చిన్న షరతు: కంటిచూపు పరిధిలోనే ఎగరాలి.

ఎవరి కంటిచూపు? ఎఫ్‌పీవీ (ఫస్ట్ పర్సన్ వ్యూ, అంటే డ్రోన్ కెమెరా కళ్లతో చూస్తూ నడిపే పద్ధతి) ఎగరేసేవాళ్లకు ఇది ప్రాణం మీదికి వచ్చే ప్రశ్న. మేము డ్రోన్‌ను చూడం, డ్రోన్ చూసేదాన్ని చూస్తాం. ముందు కెమెరా పంపే బొమ్మ గాగుల్స్‌లో కనబడుతుంటే, లోపల కూర్చున్నట్టే నడుపుతాం. ఆ నిబంధనలు మొదటి నుంచి చివరి దాకా తిరగేసినా ఎఫ్‌పీవీ అన్న మాట గానీ, గాగుల్స్ అన్న మాట గానీ దొరకవు. 2025 సెప్టెంబరులో పౌర విమానయాన శాఖ డ్రోన్ బిల్లు ముసాయిదాను ప్రజల ముందుంచినప్పుడు మళ్లీ ఆశగా వెతికాను. తప్పనిసరి బీమా ఉంది, పోలీసులకు సోదా చేసే అధికారం ఉంది, జైలు శిక్షలు ఉన్నాయి. గాగుల్స్ పెట్టుకున్నవాడి ఊసు మాత్రం నాకు అందులోనూ కనబడలేదు.

నేను అడిగేది ఒక్కటే. గాగుల్స్ పెట్టుకున్న మనిషి పక్కన ఇంకొకరు నిలబడి, డ్రోన్‌ను, దాని చుట్టూ ఉన్న ఆకాశాన్ని మామూలు కళ్లతో చూస్తూ ఉంటే, దాన్ని కంటిచూపు పరిధిలో ఎగరడంగానే లెక్కించాలి. ఆ మాట నిబంధనల్లో అచ్చులో ఉండాలి.

## ఉన్న తలుపు ఒక్కటే

ఆ కంటిచూపు షరతు అంత ముఖ్యం ఎందుకో, డ్రోన్ కొనుక్కుని ఎగరేసేవాళ్లకు వెంటనే తట్టకపోవచ్చు. 2022 ఫిబ్రవరి 9 నుంచి తయారైన డ్రోన్ల దిగుమతి మన దేశంలో నిషేధం. రక్షణ, భద్రత, పరిశోధన అవసరాలకు మాత్రమే మినహాయింపు. విడిభాగాలు మాత్రం స్వేచ్ఛగా తెప్పించుకోవచ్చు. అందువల్ల ఇక్కడ ఎఫ్‌పీవీలోకి వచ్చేవాళ్లలో చాలామంది సోల్డరింగ్ ఐరన్ పట్టుకునే వస్తారు. కార్బన్ ఫ్రేమ్ ఒక చోట, మోటార్లు ఒక చోట, ఫ్లైట్ కంట్రోలర్ ఇంకో చోట కొని, ఇంట్లో భోజనాల బల్ల మీద కూర్చుకుంటారు. ఏ రెండూ ఒక్కలా ఉండవు.

ఇలా ఇంట్లో కూర్చిన ఒంటరి డ్రోన్‌కు టైప్ సర్టిఫికెట్, అంటే ఆ నమూనా ప్రమాణాలకు తగినదన్న ధ్రువపత్రం, సంపాదించే దారి లేదు. ఆ ధ్రువపత్రం ఒక నమూనా తయారుచేసి వందలకొద్దీ అమ్మే కంపెనీ కోసం ఉద్దేశించినది. చట్టం చేసినవాళ్లకు ఆ సంగతి తెలుసు కాబట్టే మోడల్ డ్రోన్లకు దాని నుంచి మినహాయింపు ఇచ్చారు. 250 గ్రాముల లోపు నానో డ్రోన్లకు కూడా ఇచ్చారు. రెండు కిలోల లోపు డ్రోన్‌ను వ్యాపారానికి కాకుండా ఎగరేసేవాళ్లకు పైలట్ సర్టిఫికెట్ అవసరం లేదన్నారు. ఎంత ఆలోచించి చేశారో ఇక్కడే తెలుస్తుంది.

ఇప్పుడు చిక్కు చూడండి. మేము మామూలుగా ఎగరేసే అయిదంగుళాల ప్రొపెల్లర్ల క్వాడ్ (నాలుగు ప్రొపెల్లర్ల డ్రోన్) బ్యాటరీతో కలిపి 700 గ్రాముల చుట్టూ తూగుతుంది. నానో కాదు. కాబట్టి దానికి మిగిలిన ఏకైక తలుపు 'మోడల్' అన్న నిర్వచనం. గాగుల్స్ పెట్టుకోగానే కంటిచూపు పరిధి దాటినట్టే అని ఒక అధికారి భావిస్తే, ఆ క్షణానే అది మోడల్ కాకుండా పోతుంది. మోడల్ కాకపోతే టైప్ సర్టిఫికెట్ కావాలి. అది రాదు. ముఖానికి పెట్టుకునే ఒక పరికరం వల్ల, అదే పొలంలో అదే ఎత్తులో ఎగిరే అదే యంత్రం చట్టం లోపలి నుంచి బయటికి వచ్చేస్తుంది. జరిమానా లక్ష రూపాయల దాకా ఉంది.

అందుకే కొత్త కుర్రవాళ్లంతా 249 గ్రాముల వైపు పరుగెడుతున్నారు. స్క్రూలు తీసేసి, తీగలు కత్తిరించి, గ్రాము గ్రాము తగ్గించుకుంటున్నారు. దీన్ని నేను తప్పుపట్టను. అయితే బరువొక్కటే ప్రమాదాన్ని కొలవలేదు. ఇంట్లో కుర్చీల మధ్య తిరిగే 30 గ్రాముల వూప్ అనే బుల్లి డ్రోన్ గంటకు 30 కిలోమీటర్ల వేగంతో తగిలితే ఆ దెబ్బలోని శక్తి ఒక జౌలు. 249 గ్రాముల మూడంగుళాల క్వాడ్ 100 కిలోమీటర్ల వేగంతో వస్తే అది 96 జౌళ్లు. రెండూ నానోలే, రెండింటికీ అవే మినహాయింపులు. అదే 700 గ్రాముల క్వాడ్, 130 కిలోమీటర్ల వేగం అయితే 450 జౌళ్లు దాటుతుంది. నేను అయిదంగుళాల క్వాడ్‌కు చోటు అడుగుతున్నానంటే ఆ 450 జౌళ్లు మరిచిపోయి అడగడం లేదు. ఆ దెబ్బ ఎవరికైనా తగిలితే ఏమవుతుందో తెలిసినవాడిగానే అడుగుతున్నాను.

## హెడ్ కానిస్టేబుల్ అడిగిన ప్రశ్న

ఈ వాదన నా తలలో ఒక రూపానికి వచ్చింది కృష్ణా డెల్టాలోని మా ఊరి చేలల్లో. మినుము తీసేశాక ఎండాకాలంలో ఆ పొలాలు ఖాళీగా ఉంటాయి. చెట్లు గట్ల మీదే తప్ప మధ్యలో ఉండవు, కరెంటు తీగలు దూరం. మా అక్క కొడుకు ఎగరేస్తున్నాడు, నేను పక్కన నిలబడి చూస్తున్నాను. ఒక హెడ్ కానిస్టేబుల్ గట్టు మీద బండి ఆపి నడుచుకుంటూ వచ్చాడు. ఎవరో ఫోను చేసి చెప్పారట.

ఆయన మొదట అనుమతి గురించి అడుగుతాడనుకున్నాను. నమోదు సంఖ్య, మ్యాపులో ఆ చోటు ముందస్తు అనుమతి అక్కర్లేని గ్రీన్ జోన్‌లో ఉన్నట్టు చూపించే పేజీ ఫోనులో సిద్ధంగా ఉంచుకున్నాను. ఆయన వాటి జోలికే పోలేదు. మావాడి వైపు చూసి, "ఈ అబ్బాయి కళ్లకు గంతలు కట్టుకుని నిలబడ్డాడు. అటు నుంచి గేదెలు వస్తున్నాయి, తెలుసా అతనికి?" అన్నాడు.

"నేను చూస్తున్నానండీ, అందుకే ఇక్కడ నిలబడ్డాను" అన్నాను.

"మీరు చూస్తే ఏం లాభం? ఆపాల్సింది అతను కదా."

అంతకంటే మంచి ప్రశ్న నేను ఏ అధికారి నోటా వినలేదు. నేను సమాధానం చెప్పకుండా, "ఆపు" అన్నాను గట్టిగా. మావాడు ఎందుకని అడగలేదు. వేలు స్విచ్చి మీదే ఉంది. మోటార్ల చప్పుడు తెగిపోయింది, క్వాడ్ దుబ్బుల్లో ధబ్బున పడింది, బీపర్ కూత మొదలైంది. గేదెలు ఇంకా రెండు మళ్ల అవతలే ఉన్నాయి. ఆయన కాసేపు ఆ కూత వినబడిన వైపు చూసి, "మీ ఇద్దరికీ ఈ ఏర్పాటు ఉందనుకోండి. ఇలాగే చేయాలని ఎక్కడైనా రాసి ఉందా?" అని అడిగాడు.

లేదు. అదే చెప్పాను. మమ్మల్ని పంపేయలేదు, వస్తువు తీసుకుపోలేదు. చీకటి పడేలోగా ముగించుకోమని, మళ్లీ వచ్చినప్పుడు స్టేషన్‌కు ముందుగా ఫోను చేయమని చెప్పి వెళ్లాడు. ఆయన మంచితనం వల్ల ఆ రోజు గడిచింది. ఇంకొకరైతే ఏమయ్యేదో చెప్పలేను. చట్టం చెప్పాల్సింది చెప్పకపోతే, పొలం గట్టు మీద ఇద్దరు మనుషుల స్వభావాలే చట్టం అవుతాయి. అది మాకూ మంచిది కాదు, ఆయనకూ మంచిది కాదు.

## రెండు జతల కళ్లు

నేలమీద నిలబడి నేరుగా చూస్తూ ఎగరేసేవాడు సురక్షితం, గాగుల్స్ పెట్టుకున్నవాడు గుడ్డివాడు అన్న అభిప్రాయం చాలామందిలో ఉంది. సగమే నిజం. జానెడు క్వాడ్‌ను రెండు వందల మీటర్ల దూరంలో నేరుగా చూస్తే ఒక నల్లచుక్క. అది మన వైపు తిరిగి ఉందో, అటు తిరిగి ఉందో తెలియదు. తీగకు ముందున్నదో, వెనకున్నదో తెలియదు. గాగుల్స్‌లో చూస్తున్నవాడికి ఇవన్నీ స్పష్టం. కొమ్మ ఎంత దగ్గరో తెలుసు, దిగే చోట రాయి ఉందో లేదో తెలుసు.

అతనికి తెలియనిది వేరే ఉంది. కెమెరా వెనక నుంచి వచ్చే గద్ద, పై నుంచి దిగే హెలికాప్టర్, గట్టు దాటి తన వైపే నడిచి వస్తున్న పిల్లవాడు. సిగ్నల్ బలహీనమై బొమ్మలో గింజలు గింజలుగా మంచు పడడం మొదలైతే తాను ఎటు నుంచి ఎటు వచ్చాడో కూడా తోచదు. ఒకరికి దగ్గర తెలుస్తుంది, చుట్టూ తెలియదు. ఇంకొకరికి చుట్టూ తెలుస్తుంది, దగ్గర తెలియదు. ఇద్దరూ పక్కపక్కన నిలబడి మాట్లాడుకుంటే, ఒక్కడే నేరుగా చూస్తూ ఎగరేసేదానికంటే మెరుగు.

ఇది నేను కనిపెట్టిన సంగతి కాదు. మన దేశం సభ్యురాలిగా ఉన్న అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ తన రెండో అనుబంధంలో కంటిచూపు పరిధిని నిర్వచించినప్పుడే పైలట్ లేదా పరిశీలకుడు అని రాసింది. ఏ సాధనం సాయం లేకుండా నేరుగా చూడాలన్నది షరతు. అమెరికా 2018లో చేసిన చట్టం, వినోదానికి ఎగరేసేవాడు గానీ, అతని పక్కనే ఉండి నేరుగా మాట్లాడగలిగే పరిశీలకుడు గానీ చూస్తూ ఉండాలని చెబుతుంది. ఐరోపా సమాఖ్య 2019 నిబంధనలు కూడా పైలట్ పక్కన నిలబడే పరిశీలకుడిని పేరు పెట్టి గుర్తించాయి. ఇవి భద్రత విషయంలో ఉదాసీనంగా ఉండే వ్యవస్థలు కావు.

టెక్సాస్‌లో డాలస్ పక్కన ఉండే మా స్నేహితుడి కొడుకు స్కూల్లో చదువుతూ ఎఫ్‌పీవీ మొదలుపెట్టాడు. ఆన్‌లైన్‌లో ఉచితంగా ఒక చిన్న పరీక్ష రాశాడు. పరిశీలకుడు వాళ్ల నాన్నే. డ్రోన్ల గురించి ఓనమాలు తెలియని ఆ స్నేహితుడు శనివారం పొద్దున పార్కులో నిలబడి ఆకాశం చూస్తూ, "పైన ఏదో వస్తోంది, కిందికి రా" అని తెలుగులోనే అరుస్తాడు. చట్టం దృష్టిలో ఆ అరుపుకు విలువ ఉంది. ఇక్కడ మా చేలల్లో నేను అరిచిన అరుపుకు లేదు. నా బాధ అంతా అదే.

కంటిచూపు దాటి ఎగరడం అనే విషయం మన ప్రభుత్వాలకు కొత్తదేమీ కాదు. 2021 సెప్టెంబరులో వికారాబాద్‌లో మందులు, టీకాలు చేరవేసే ప్రయోగం జరిగింది. డ్రోన్లు పైలట్ కంటికి అందనంత దూరం వెళ్లాయి, ప్రత్యేక అనుమతితో. పెద్ద సంస్థకు, పెద్ద పనికి అలాంటి మినహాయింపు దొరుకుతుంది. ఆదివారం పూట నాలుగు నిమిషాల బ్యాటరీతో చేను చుట్టూ తిరిగే కుర్రవాడు ఎవరిని అడగాలి?

## భయం ఉత్తుత్తిది కాదు

ఈ వాదనకు ఎదురు నిలిచే మాటల్లో బలమైనది భద్రత. ఎఫ్‌పీవీ అనగానే ఇప్పుడు చాలామందికి గుర్తొచ్చేది ఉక్రెయిన్ యుద్ధం. మేము వాడే మోటార్లు, ఫ్లైట్ కంట్రోలర్లు, ఇంచుమించు అవే సాఫ్ట్‌వేర్లు అక్కడ బాంబులు మోస్తున్నాయి. ఆ వీడియోలు చూసిన పోలీసు అధికారి గాగుల్స్ పెట్టుకున్న కుర్రవాణ్ని చూసి ఉలిక్కిపడితే తప్పనలేను. ఆయన స్థానంలో నేనున్నా అంతే.

నేరం చేసేవాడు నిబంధనలు చదవడు కాబట్టి నిబంధనలు అనవసరం అని మావాళ్లు కొందరు అంటారు. నాకు ఆ వాదన నచ్చదు. అలా అనుకుంటే ఏ చట్టమూ అక్కర్లేదు. నేను చూసే కోణం వేరు. ఎదురుగా ఉన్నవాడు ఎవరో పోలీసుకు నిమిషంలో తేల్చి చెప్పగలగాలి నిబంధన. ఈ రోజు పొలంలో నలుగురు కలిసి ఎగరేస్తున్నా, ఒక ప్రహరీ పక్కన కారులో ఒక్కడే గాగుల్స్ పెట్టుకుని కూర్చున్నా, చట్టం దృష్టిలో ఇద్దరిదీ ఒకే అస్పష్టమైన స్థితి. పరిశీలకుడు తప్పనిసరి అని రాస్తే, కారులో ఒక్కడే కూర్చున్నవాడు ఆ క్షణానే తప్పు చేస్తున్నట్టు. ఇంకేమీ నిరూపించాల్సిన పని లేదు. నేను అడుగుతున్న వాక్యం పోలీసుల చేతులు కట్టేయదు, వాళ్ల చేతికి పట్టు ఇస్తుంది.

జోన్ల విషయంలో సడలింపు కూడా నేను అడగడం లేదు. గ్రీన్ జోన్‌లో 400 అడుగుల వరకు, విమానాశ్రయం చుట్టుకొలత నుంచి 8 నుంచి 12 కిలోమీటర్ల మధ్య 200 అడుగుల వరకు అన్న పరిమితులు న్యాయమైనవే. హైదరాబాద్‌లో ఉండేవాళ్లకు బాధే: శంషాబాద్, బేగంపేట, హకీంపేట, దుండిగల్ చుట్టూ గీతలు గీస్తే నగరంలో మిగిలేది కొంచెమే. కానీ శిక్షణ విమానాలు తిరిగే ఆకాశంలో సరదాకు చోటు అడిగే హక్కు నాకు లేదు. ఊరి బయటికి వెళ్తాం.

## పరిశీలకుడు ఫోను చూసుకుంటే?

నన్ను ఎక్కువగా ఇబ్బంది పెట్టిన అభ్యంతరం పోలీసుల నుంచి రాలేదు, మాలోనే ఒకరి నుంచి వచ్చింది. డ్రోన్లతో వ్యవసాయ సర్వేలు చేసే ఒక మిత్రుడు, "పరిశీలకుడు అంటారు గానీ, అయిదు నిమిషాలు గడిస్తే ఆకాశం ఎవరు చూస్తారు? అందరూ తెర దగ్గరే గుమిగూడతారు" అన్నాడు. నిజం. పైలట్‌కు కనబడే బొమ్మను పక్కన చిన్న తెర మీద కూడా పెట్టడం మాలో అలవాటు. పరిశీలకుడి కళ్లు తెలియకుండానే అటు పోతాయి. ఆ క్షణంలో అక్కడ రెండు జతల కళ్లు లేవు, ఒకే కెమెరా ఉంది.

దీనికి చట్టం దగ్గర మందు ఉందని నేననుకోను. అలవాటు దగ్గర ఉంది. మా బృందంలో పరిశీలకుడు తెరకు వీపు పెట్టి నిలబడాలి, ఫోను జేబులోంచి తీయకూడదు. చెప్పే మాటలు ముందే అనుకుంటాం: 'మనిషి', 'పైన', 'దించు', 'ఆపు'. నాలుగే. 'ఆపు' అంటే కారణం అడగకూడదు. గంటకు 130 కిలోమీటర్లు అంటే సెకనుకు 36 మీటర్లు. చూసి, నోరు తెరిచి, విని, వేలు కదిలేసరికి రెండు సెకన్లు పడితే క్వాడ్ 72 మీటర్లు ముందుకు పోయి ఉంటుంది. ఆ లెక్క ఒక్కసారి కాగితం మీద వేసి చూపిస్తే కుర్రవాళ్లు వేగం వాళ్లంతట వాళ్లే తగ్గించారు. పరిశీలకుడు ఉన్నంత మాత్రాన సరిపోదు, సంబంధం లేని మనుషులు ఆ 72 మీటర్లకంటే బాగా దూరంగా ఉండాలి. ఈ దూరం కూడా నిబంధనలో చేరితే నాకు అభ్యంతరం లేదు, చేరాలనే కోరుతాను.

అసలు ప్రమాదాలు ఎక్కడ పుడతాయో తెలిసినవాళ్లు రాస్తే నిబంధన వేరేలా ఉంటుంది. ఉదాహరణకు వీడియో ఛానళ్లు. ఇద్దరు ముగ్గురు కలిసి ఎగరేసే చోట ఒకడు గాలిలో ఉండగా ఇంకొకడు అడక్కుండా బ్యాటరీ తగిలిస్తే, అతని వీడియో ప్రసారం కూడా మొదలై, ఛానల్ కలిసిపోయి గాలిలో ఉన్నవాడి గాగుల్స్‌లో బొమ్మ చెదిరిపోతుంది. అతను నిజంగా గుడ్డివాడయ్యేది అప్పుడే. అందుకే, "బ్యాటరీ పెట్టనా?" అని అరిచి, జవాబు వచ్చాకే తగిలించాలన్నది మా మొదటి నియమం. పైగా మన దేశంలో లైసెన్సు అక్కర్లేని 5.8 గిగాహెర్ట్జ్ రేడియో తరంగాల పట్టీ 5875 మెగాహెర్ట్జ్ దగ్గర ముగుస్తుంది. రేసులకు వాడే ఎనిమిది ఛానళ్లలో చివరి రెండు 5880, 5917. అవి గీత దాటి ఉన్నాయి. ట్రాన్స్‌మిటర్‌లో కనబడతాయి కాబట్టి కుర్రవాళ్లు నొక్కేస్తారు. ఇది ఎవరు చెప్పాలి వాళ్లకు? గుర్తింపు ఉన్న ఒక క్లబ్బు ఉంటే చెబుతుంది. చట్టంలో చోటు లేని పనికి క్లబ్బు పెట్టడానికి, స్థలం ఇవ్వడానికి ఏ పంచాయతీ, ఏ కళాశాల ముందుకు వస్తుంది?

## ఎవరూ పట్టుకోవడం లేదు కదా

మా వాళ్లలో పెద్దవాళ్లు చెప్పే మాట ఇది. "ఇప్పుడు నడుస్తోంది కదా. కదిలిస్తే ఇంకా కఠినం చేస్తారు. ఊరుకో." దీన్ని తేలిగ్గా కొట్టిపారేయలేను. 1934 నాటి విమానాల చట్టం నిర్వచనంలో గాలిపటం కూడా విమానంగానే ఉండేది. అయినా తొంభై ఏళ్లపాటు సంక్రాంతికి మేడల మీద గాలిపటాలు ఎగురుతూనే ఉన్నాయి. అందరూ కళ్లు మూసుకుంటే బండి సాగుతుందనడానికి అంతకంటే రుజువు అక్కర్లేదు.

అయితే గాలిపటానికి వెనక వందల ఏళ్ల అలవాటు ఉంది, ఊరంతా ఉంది. ఎఫ్‌పీవీకి ఎవరున్నారు? ఏదైనా ఒక చోట ఒక క్వాడ్ ఎవరి తలకో తగిలిన రోజున ఈ మౌనం మాకు అండగా నిలవదు. బీమా కంపెనీ అడిగే మొదటి ప్రశ్న, ఆ సమయంలో అది చట్టబద్ధంగా ఎగురుతోందా అని. దానికి స్పష్టమైన జవాబు లేకపోతే నష్టపోయేది దెబ్బతిన్న మనిషి. ముసాయిదా బిల్లులో బీమా తప్పనిసరి చేయాలన్న ఆలోచనను నేను మనస్ఫూర్తిగా సమర్థిస్తాను. కానీ స్థితి ఏమిటో తేలని పనికి బీమా ఎలా చేస్తారు?

ఇంకొకటి కూడా ఉంది. 2024 అక్టోబరులో అమరావతి డ్రోన్ సదస్సు జరిగినప్పుడు, విజయవాడ పున్నమి ఘాట్ మీద 5,500 డ్రోన్లు ఆకాశంలో బొమ్మలు గీస్తుంటే, కృష్ణ ఒడ్డున నిలబడిన జనంలో మేమూ ఉన్నాం. ఓర్వకల్లులో డ్రోన్ సిటీ కడతామన్నారు. సంతోషం. ఆ పరిశ్రమకు కావాల్సిన ఇంజనీర్లు ఎక్కడి నుంచి వస్తారు? మోటారు కంపనాన్ని చెవితో విని ఏ బేరింగ్ పోయిందో చెప్పగలిగే కుర్రవాళ్లు, సిగ్నల్ పోతే యంత్రం ఏం చేయాలో ప్రొపెల్లర్లు తీసేసి ఇంట్లోనే పరీక్షించుకునే కుర్రవాళ్లు తరగతి గదిలో తయారు కారు. వాళ్లను దొంగచాటుగా ఎగరేసుకోమని వదిలేసి, డ్రోన్ల రాజధాని కడతామంటే పొసగదు. పౌర విమానయాన మంత్రి రామ్మోహన్ నాయుడు గారిది శ్రీకాకుళం. ఈ మాట తెలుగులో చెబితే అర్థం చేసుకునే మంత్రి ఉన్నప్పుడే చెప్పాలి.

## ఎంత దూరం

నేను కోరే మినహాయింపు ఎక్కడ ఆగాలో కూడా చెప్పాలి. కొండల మీదుగా కిలోమీటర్ల కొద్దీ వెళ్లి వచ్చే దూర విహారాలు దీని కిందికి రావు. ఆ వీడియోలు ఎంత అందంగా ఉన్నా, అక్కడ పరిశీలకుడు చూస్తున్నది ఖాళీ ఆకాశాన్ని. ఆ పనికి విడిగా అనుమతి ఉండాలి. పెళ్లిళ్లలో, జనం తలల మధ్య నుంచి డబ్బు తీసుకుని ఎగరేయడం కూడా దీని కిందికి రాదు. అది వ్యాపారం, దానికి పైలట్ సర్టిఫికెట్ ఉండాల్సిందే. ఈ రెండు మాటలకూ మా మిత్రుల్లో కొందరు నొచ్చుకున్నారు. అయినా నా అభిప్రాయం మారలేదు.

మిగిలిన తగువు దూరం గురించి. నేను 200 మీటర్లు అంటాను, మా మేనల్లుడు 300 అంటాడు. పగలు వెలిగే ఎరుపు ఎల్‌ఈడీ పట్టీ కడితే 300లో కూడా కనబడుతుందని అతని వాదన. కనబడుతుంది, నిజమే. కానీ కనబడడం వేరు, అది ఎటు పోతోందో చెప్పగలగడం వేరు. మబ్బు పట్టిన రోజు ఒకలా ఉంటుంది, పడమటి ఎండకు ఎదురుగా నిలబడితే ఇంకోలా ఉంటుంది. నా కళ్ల వయసు వేరు, అతని కళ్ల వయసు వేరు. అందుకే అంకె రాయవద్దన్న నిర్ణయానికి వచ్చాను. మంత్రిత్వ శాఖకు పంపిన సూచనలో ఇలా రాశాను: "పైలట్ పక్కనే నిలబడి, అతనితో నేరుగా మాట్లాడగలిగే పరిశీలకుడు, ఏ సాధనం సాయం లేకుండా, డ్రోన్ ఏ దిశలో పోతోందో చెప్పగలిగినంత దూరంలో ఎగిరినప్పుడు దానిని కంటిచూపు పరిధిలో ఉన్నట్టే పరిగణించాలి." మేనల్లుడు దీనికీ ఒప్పుకోలేదు. 'చెప్పగలిగినంత' అన్నది కోర్టులో నిలవదని, అంకె ఉంటేనే కానిస్టేబుల్‌కు కొలిచే వీలుంటుందని అంటున్నాడు. అతను విడిగా తన సూచన 300 మీటర్లతో పంపాడు.